అసిస్టెంటు కుర్చీ చిన్నదేం కాదు!

డిగ్రీ పూర్తికాగానే చేతికొచ్చే మొదటి ఆఫర్ మీద చాలామందికి పెద్ద అసంతృప్తి. ‘అసిస్టెంటుగానా? పేరంతా పైవాడిదేగా!’ అనుకుంటాం. మీరూ ఆ మాట అనుకుంటుంటే పట్రాయని సంగీతరావు గారి కెరియర్ ఒకసారి చూడండి. కూచిపూడి డ్యాన్స్ బ్యాలేలకు, అంటే నృత్యనాటకాలకు, సంగీతం కూర్చిన పెద్దాయన. ఆయన కథలో మన నెల్లూరు తీరానికీ వాటా ఉంది.

తండ్రి శిష్యుడి దగ్గరే...

సంగీతరావు 1920లో ఉత్తరాంధ్రలో పుట్టారు. తండ్రి సీతారామశాస్త్రి విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం నేర్పేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఘంటసాల ఒకరు. తర్వాత మద్రాసులో అదే ఘంటసాల దగ్గర సంగీతరావు సహాయకుడిగా చేరారు. అంటే తండ్రి శిష్యుడు, పైగా తనకంటే రెండేళ్లు చిన్నవాడు, ఆయనకు బాస్! మనలో ఎంతమంది సరే అంటాం?

ఆయన అన్నారు. రెండు దశాబ్దాలకు పైగా హార్మోనియం ముందు కూర్చున్నారు. టైటిల్ కార్డులో పెద్ద అక్షరాలు వేరేవాళ్లవి. కానీ పాట ఎలా పుడుతుందో, గాయకుడికి ఏ శ్రుతి నప్పుతుందో, వాద్యబృందాన్ని ఎలా నడపాలో రోజూ దగ్గరుండి చూసే అవకాశం ఆ కుర్చీదే. ఏ కాలేజీలోనూ దొరకని ట్రైనింగ్ అది.

53 ఏళ్ల వయసులో మలుపు

1974 ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూశారు. సంగీతరావుకు అప్పటికి 53 ఏళ్లు. చాలామంది రిటైర్మెంట్ లెక్కలు వేసుకునే వయసు. ఆ తర్వాతే ఆయన పేరు కూచిపూడి రంగంలో గట్టిగా వినిపించింది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీకి ఆయన స్వరకర్త అయ్యారు. ‘పద్మావతీ శ్రీనివాసం’, ‘హరవిలాసం’ లాంటి బ్యాలేలకు సంగీతం ఆయనదే. నూరేళ్లు నిండాక, 2021లో వెళ్లిపోయారు.

ఇక మన తీరం వాటా. ఆ అకాడమీ బ్యాలేల్లో చాలావాటికి మాటలు, పాటలు రాసింది ఎస్.వి. భుజంగరాయశర్మ. ఆయన చేసిన ఉద్యోగం కావలి జవహర్ భారతి కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పడం! ‘పద్మావతీ శ్రీనివాసం’నే తీసుకోండి. సాహిత్యం కావలి లెక్చరర్‌ది, స్వరం సాలూరు వంశానిది, అడుగు కూచిపూడి మాస్టారిది. బ్యాలే ఒక్కరి పని కాదు, టీమ్ వర్క్.

ఇంతకీ పని ఏంటి?

సినిమా పాట నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. బ్యాలే గంటన్నర, రెండు గంటలు నడుస్తుంది. పాత్ర రంగం మీదికి రావడానికి ప్రవేశదరువు కావాలి. కోపంగా వచ్చే పాత్రకూ సిగ్గుపడుతూ వచ్చే పాత్రకూ ఒకే రాగం, ఒకే నడక సరిపోవు. పాట మధ్యలో జతులు పడాలంటే అక్కడ చోటు వదలాలి. డ్యాన్సర్‌కు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి. అభినయం చేసే చోట ఒకే పాదాన్ని నాలుగైదు రకాలుగా పాడించాలి. ట్యూన్ బాగుంటే చాలదు, అది కాళ్లకు అందాలి. అందుకే స్వరకర్తకు రాగాలతో పాటు తాళం, సాహిత్యం, నాట్యం తెలిసి ఉండాలి.

మీరు రావాలనుకుంటే...

నెల్లూరు కుర్రాళ్లకు దగ్గర్లో ఉన్నది తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ సంగీత, నృత్య కళాశాల. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా కళాశాల ఇప్పటికీ నేర్పుతోంది. 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్ ఇస్తుంది. అప్లై చేసేముందు తాజా నోటిఫికేషన్ చూసుకోండి. ఆకాశవాణి ఆడిషన్‌లో గ్రేడ్ వస్తే కచేరీలకు అది మంచి గుర్తింపు.

ఒకటి మాత్రం నిజం. ఇది నెల మొదటి తారీఖున జీతం పడే లైన్ కాదు. అరంగేట్రాలకు పాడటం, డ్యాన్స్ స్కూళ్లకు రికార్డింగులు చేసివ్వడం, పిల్లలకు పాఠాలు, విదేశాల్లోని తెలుగువాళ్లకు ఆన్‌లైన్ క్లాసులు... ఇలా నాలుగు చోట్ల నుంచి నాలుగు రాళ్లు కూడతాయి. ఇంట్లోవాళ్ల భయంలో అర్థం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. భుజంగరాయశర్మగారిలా ఒక ఉద్యోగం చేతిలో ఉంచుకుని కళలో పనిచేయడం ఓడిపోవడమేమీ కాదు.

మొదలుపెట్టడానికి స్టూడియో అక్కర్లేదు. మీ ఊళ్లో నాట్యం నేర్పే మాస్టారో టీచరమ్మో ఉంటే వెళ్లి అడగండి. రిహార్సల్‌లో తాళం వేయడానికి, శ్రుతిపెట్టె చూసుకోవడానికి మనిషి ఎప్పుడూ కావాలి. మొదట్లో డబ్బులు రాకపోవచ్చు. కానీ ఏ అడుగు దగ్గర పాట తడబడుతోందో, ఎక్కడ కుదురుతోందో అక్కడే తెలుస్తుంది.

రేపు ఏ ఆఫర్ లెటర్లోనైనా ‘అసిస్టెంట్’ అన్న మాట కనిపిస్తే వెంటనే పక్కన పడేయకండి. ఎవరి పక్కన కూర్చోబోతున్నారో, అక్కడ ఏం నేర్చుకోవచ్చో కనుక్కోండి. జీతంతో పాటు ఆ లెక్క కూడా వేసుకున్నాకే ఔననో కాదనో చెప్పండి.