నిరీక్షణ యనగా నేమి?

క్రైస్తవ సంవత్సరము జనవరి మొదటి తేదీన ఆరంభము కాదు. నవంబరు 30వ తేదీకి, అనగా పరిశుద్ధ అంద్రెయ దినమునకు, మిక్కిలి సమీపమున నుండు ఆదివారముతో అది మొదలగును. ఆ ఆదివారము నవంబరు 27 మొదలు డిసెంబరు 3 వరకు ఏ తేదీనైనను పడవచ్చును. అప్పటినుండి క్రిస్మసు వరకు నాలుగు ఆదివారములు గల ఈ కాలమునకే ఆగమనకాలమని పేరు. ప్రభువు బేత్లెహేములో శిశువుగా వచ్చెనను కృతజ్ఞతయు, ఆయన మహిమతో మరల వచ్చునను నమ్మికయు ఈ కాలమున రెండు దీపములవలె మన యెదుట నుంచబడుచున్నవి. సంఘము తన సంవత్సరమును పండుగతో గాక ఎదురుచూపుతో ఆరంభించుట గమనింపదగిన సంగతి.

అయితే బాలబాలికలకు ఈ దినములలో నక్షత్రమును కట్టుట, పాటలు నేర్చుకొనుట, క్రొత్తబట్టలు కుట్టించుకొనుట, ఇవియే ముఖ్యముగా కనబడును. ఇందులో తప్పు లేదు. కాని ప్రభువు రాకడను ఎదురుచూచుట యనగా నేమి? రెండువేల సంవత్సరములుగా ఎదురుచూచుచున్న సంఘమునకు విసుగు కలుగలేదా? ఎదురుచూచువాడు చేయవలసిన పని యేమైన కలదా, లేక చేతులు ముడుచుకొని కూర్చుండుటయేనా? ఈ ప్రశ్నలకు మనము నివసించు ఈ కృష్ణా దిగువ డెల్టాలోనే మంచి ప్రత్యుత్తరములు దొరకునని మా అభిప్రాయము.

మొట్టమొదట మన భాషయే మనకు బోధించుచున్నది. విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యని తెలుగు బైబిలులో మూడు సుగుణములు చెప్పబడినవి. ఇంగ్లీషువారికి ఈ నడిమి సుగుణమునకు ఒక మాటయు, ఎదురుచూచుటకు వేరొక మాటయు కలవు. మనకైతే రెంటికిని నిరీక్షణ యను ఒక్క మాటయే చాలును. ఈక్షణ మనగా చూపు. నిరీక్షణ మనగా రెప్పవాల్చక చూచుట. ఆశను కన్నులు మూసికొనియు పెంచుకొనవచ్చును. నిద్రలోనైనను ఆశపడవచ్చును. నిరీక్షించువాడు మాత్రము కన్నులు తెరచియుండవలెను. మన పెద్దలు తెలిసియో తెలియకయో ఎన్నుకొనిన ఈ మాటలో ఆగమనకాలపు సారమంతయు నిమిడియున్నది.

బందరుకు సమీపమున మంగినపూడి తీరమందు దీపస్తంభము కలదు. సముద్రముమీద ఏ పడవ ఏ గడియలో దరికి వచ్చునో దీపమును చూచుకొనువానికి తెలియదు. తెలియదు గనుకనే ప్రతి సాయంకాలమును దీపము వెలుగవలెను. పడవ కనబడిన తరువాత వెలిగింతునని యనుకొనువాని దీపము ఎవరికి పనికివచ్చును? పెండ్లికుమారుని కొరకు కనిపెట్టుకొనియున్న పదిమంది కన్యకల ఉపమానమున ప్రభువు బోధించినది ఇదియే. ఆ దినమును గడియయు మనకు మరుగుచేయబడుట మనలను కలవరపెట్టుటకు కాదు. ప్రతి దినమును సిద్ధపడిన దినముగా చేయుటకే.

ఇక కన్నులు తెరచి చూచుట ఎంత కష్టమో మన తీరమునకు తెలిసినంతగా మరియొక దేశమునకు తెలియునా? 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతోకూడ లేచిన ఉప్పెన మచిలీపట్నమును ముంచివేసెను. సుమారు ముప్పదివేలమంది మరణించిరని చరిత్రకారులు వ్రాయుచున్నారు. ఆ సంవత్సరము ఆగమనకాలపు మొదటి ఆదివారము నవంబరు 27. మరల 1977 నవంబరు 19, శనివారమున, దాదాపు ఐదు మీటర్ల ఎత్తున లేచిన అల దివిసీమను కప్పివేసెను. ప్రభుత్వపు లెక్కప్రకారమే సుమారు పదివేలమంది గతించిరి. నాగాయలంక, కోడూరు ప్రాంతములలో గ్రామములకు గ్రామములే తుడిచిపెట్టుకొనిపోయెను. ఆ సంవత్సరమును ఆగమనాదివారము నవంబరు 27వ తేదీననే వచ్చెను. ఉప్పెనకును ఆ ఆదివారమునకును నడుమ ఎనిమిది దినములు మాత్రమే. పాతిపెట్టవలసిన వారింకను మిగిలియుండగనే సంఘపు పంచాంగము నిరీక్షణ యను మాటను పలికినది.

ఆ మాట అప్పుడు పలుకవచ్చునా? పలుకవచ్చును, గాని రెండు తప్పులను విడిచి పలుకవలెను. మొదటిది, ఉప్పెన పాపులపైకి దేవుడు పంపిన శిక్షయని చెప్పుట. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె అపరాధులని తలంపవద్దని ప్రభువే తేటగా చెప్పెను. ఒడిలోని బిడ్డను కోల్పోయిన తల్లితో, ఇది నీ పాపఫలమని చెప్పువాడు ప్రభువు మాటను త్రోసివేయుచున్నాడు. రెండవ తప్పు, పరలోకమున సుఖము కలదు గనుక ఇక్కడి దుఃఖము లెక్కలోనిది కాదని చెప్పుట. లాజరును లేపబోవుచున్నానని యెరిగియు ప్రభువు అతని సమాధియొద్ద కన్నీరు విడిచెను. దుఃఖమును దుఃఖమని యొప్పుకొనుటయు, దానిదే కడపటి మాట కాదని నమ్ముటయు, ఈ రెండును కలిసినదే క్రైస్తవ నిరీక్షణ.

అట్టి నిరీక్షణకు చేతులు కూడ నుండవలెను. దివిసీమ ఉప్పెన తరువాత అవనిగడ్డ నాయకులైన మండలి వెంకట కృష్ణారావుగారు బాధితుల పునరావాసమునకై చేసిన సేవను ఆ సీమవారు నేటికిని తలంచుకొనుచున్నారు. భారత క్రైస్తవ సంఘముల సేవాసంస్థయైన కాసావారు తీరగ్రామములలో తుపాను ఆశ్రయభవనములను కట్టించిరి. ఇంకను ఎన్నో ధర్మసంస్థలు, మతభేదము లేక, ఇండ్లు నిలువబెట్టినవి. మచిలీపట్నమున తుపానులను దూరమునుండియే పసికట్టు రాడారు నెలకొల్పబడెను. 1990 మే 9వ తేదీన మునుపటి దానికి దీటైన తుపాను మరల ఈ కృష్ణాతీరముననే దాటెను. అప్పుడు సుమారు వేయిమంది మరణించిరి. అదియు చిన్న సంఖ్య కాదు. ప్రతి ప్రాణమును అమూల్యమే. అయినను 1977వ సంవత్సరపు సంఖ్యతో పోల్చిచూడుడు. ఈ భేదమునకు ముఖ్యకారణము, ముందుగా హెచ్చరిక పొంది లక్షలాది జనులు ఎత్తైన తావులకు చేర్చబడుటయే. గాలి తగ్గలేదు, కనిపెట్టుకొని యుండుట పెరిగినది. మెలకువగా నుండుడని ప్రభువు చెప్పిన మాటకు ఇంతకంటె తేటయైన వ్యాఖ్యానము మన తీరమున దొరకదు. మెలకువగా నున్నవాడు తన్ను మాత్రమే కాచుకొనడు. ప్రక్కయింటి తలుపు తట్టును.

కొన్ని నిరీక్షణలలో ప్రమాదము లేదు గాని ఫలమును కనబడదు. అదియు కష్టమే. 1841లో రాబర్టు నోబులుగారును హెన్రీ ఫాక్సుగారును చర్చి మిషనరీ సొసైటీ పక్షమున మచిలీపట్నమునకు వచ్చిరి. ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలిన ఫాక్సుగారు 1848లో మరణించిరి. నోబులుగారు 1843లో తెరచిన పాఠశాల ఆనాటి అగ్రకులముల బాలురను ఉద్దేశించినది. అందులో తొమ్మిది సంవత్సరములు బోధించిన పిమ్మట, 1852లో, ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందిరి. వెంటనే తలిదండ్రులు తమ పిల్లలను మాన్పించుటచేత పాఠశాల శూన్యమాయెను. ఆయన మరల మొదటినుండి ఆరంభించెను. బాలురు మెల్లమెల్లగా తిరిగివచ్చిరి. ఇరువదినాలుగు సంవత్సరములలో ఒక్కసారియైనను స్వదేశమునకు పోక, 1865లో ఈ ఊరిలోనే ఆయన కన్నుమూసెను. నేడు ఆయన పేరిట నున్న కళాశాలను ఎరుగనివారు బందరులో లేరు. గాని ఆయన తన కన్నులతో చూచినది మిక్కిలి కొద్ది.

అదే కాలమున కృష్ణామండలపు మెట్టసీమలో, రాఘవాపురమను గ్రామమందు, మరియొకడు మరియొక విధముగా కనిపెట్టుకొని యుండెను. ఆయన పగోలు వెంకయ్యగారు. అంటరానివారని ఊరివెలుపల నుంచబడిన మాలకులమున పుట్టినవారు. విగ్రహములను విడిచి, నిజమైన దేవుడెవరో తనకు తెలియజేయుమని, పేరెరుగని ఆ దేవునికే ఆయన మొరపెట్టుచుండెను. తుదకు డార్లింగుగారను మిషనరీ బోధ విని, 1859లో బాప్తిస్మము పొందెను. ఆయన వెంట ఊళ్లకు ఊళ్లు కదలివచ్చెను. నోబులుగారు ఎవరికొరకు ద్వారము తెరచి కూర్చుండిరో వారు కొద్దిమందియే వచ్చిరి. ఆ ద్వారమునకు దూరముగా నుంచబడినవారు వేలకొలదిగా వచ్చిరి. దేవుడు దీనులను ఎత్తునని మరియమ్మ పాడిన పాట యొక్క భావము మన మండలములోనే నెరవేరెను. కావున ప్రభువు మనము చూచుచున్న వైపునుండియే వచ్చునని తలంపరాదు. మనము చూడనొల్లని వైపునుండియు ఆయన వచ్చును.

ఇప్పుడు పొలములవైపు చూతము. ఆగమనకాలము మన డెల్టాలో సార్వా వరి కోతల కాలము. యాకోబు వ్రాసిన పత్రికలో, ప్రభువు రాకడకొరకు ఓపికగా కనిపెట్టుటకు వ్యవసాయకుడే మాదిరిగా చూపబడెను. మన రైతును చూడుడు. గింజ పాలుపోసికొనుట అతని చేతిలో లేదు. అయినను అతడు ఊరకుండడు. గట్టు చూచును, కలుపు తీయించును, మురుగుకాలువలో అడ్డుపడిన తూటికాడను, గుఱ్ఱపుడెక్కను లాగివేయును. అంతమాత్రమే కాదు. కోతకు కొలది దినములు ముందుగా, వరి యింకను నిలిచియుండగనే, దాని నడుమ మినుములు, పెసలు చల్లును. ఆ విత్తనము వరిమొదళ్ల నీడలో, నేల పదునుతో మొలచును. వరి కోసి పనలు తీసినపుడు క్రింద పచ్చని మొలక కనబడును. మొదటి పంట ఇల్లు చేరకమునుపే రెండవ పంట ఆరంభమైనది! క్రైస్తవుడు ఈ లోకములో జీవింపవలసిన విధమిదియే. పాతయుగము ఇంకను నిలిచియున్నది. దాని నీడలోనే రాబోవు రాజ్యపు విత్తనములను చల్లవలెను. అన్నియు చక్కబడిన తరువాత మంచి చేయుదుమను వానికి పదును దాటిపోవును.

రైతు ఓర్పును మెచ్చుకొనిన ఆ అధ్యాయములోనే, కోత కోసినవారి కూలిని బిగబట్టిన ధనికులకు భయంకరమైన గద్దింపు కలదు. బిగబట్టబడిన ఆ కూలి మొఱపెట్టుచున్నదట. దీనినిబట్టి ప్రభువు రాకడకు సిద్ధపడుట యనగా, మొదట ఇయ్యవలసినది ఇచ్చివేయుట. కోతకూలి పండుగకు ముందే చేతిలో పడవలెను. ధాన్యపు వర్తకమునకు పేరుపడిన గుడివాడలో కాటా యెదుట నిలిచిన వర్తకుడు రైతు చూచుచున్నప్పుడును, చూడనప్పుడును ఒక్కటే తూకము తూయవలెను. ఇదియు ఆరాధనయే.

తలిదండ్రులారా, క్రొత్తబట్టలకై అప్పుచేసి ఆ అప్పు తీర్చలేక మరుసటి సంవత్సరమంతయు కుందుట పండుగ కాదు. పొలపు గట్టు తగవుచేత మాటలు మానుకొనిన అన్నదమ్ములు ఈ నాలుగు వారములలో ఒకరి గడప ఒకరు త్రొక్కినయెడల, దానికంటె అందమైన నక్షత్రమును ఏ ఇంటిముంగిట కట్టగలము? ఉపాధ్యాయులారా, మీరు నేర్పిన పాఠము ఏ బాలునిలో ఏ సంవత్సరమున ఫలించునో మీరు చూడకపోవచ్చును, నోబులుగారును చూడలేదు. విద్యార్థులారా, పరీక్ష రేపనగా పుస్తకము తెరచువాడు పరీక్షకు భయపడుచున్నాడే గాని దానికొరకు కనిపెట్టుకొని యుండలేదు. నిత్యము కొంచెము చదువువానికి ఆ దినము హఠాత్తుగా రాదు. మీ తరగతిలో ఎవరును ప్రక్కన కూర్చుండనొల్లని బాలుడు గాని బాలిక గాని ఉన్నయెడల, అచ్చట కూర్చుండుడు. ఆయన ఏ వైపునుండి వచ్చునో మనకు తెలియదని పైన చెప్పియుంటిమి గదా.

మనము ఎదురుచూచువాడు అపరిచితుడు కాడు. ఉప్పెన ఎవరిది ఏ ఇల్లని అడుగక వచ్చును. ఆయనయైతే మనలను పేరుపెట్టి యెరిగినవాడు. పశువుల తొట్టిలో పరుండి, మన దుఃఖములను భరించి, గాయపడిన చేతులతో వచ్చువాడు. అందుచేతనే మన ఎదురుచూపులో జాగ్రత్త యుండవలెనుగాని వణకు ఉండనక్కరలేదు. నిరీక్షణకు కర్తయగు దేవుడు బందరు వీధులలోను, గుడివాడ బజారులలోను, దివిసీమ లంకలలోను నివసించు మనకందరికిని ఈ ఆగమనకాలమున తెరచిన కన్నులను, ఖాళీగా నుండని చేతులను అనుగ్రహించును గాక.