రెండో గాలిపటం ఏది కొనాలి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నేను చదువు గురించో, పోటీ పరీక్షల గురించో రాస్తానని చాలామంది అనుకున్నారు. అవి రాసేవాళ్ళు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. నేను గాలిపటం గురించి రాస్తున్నాను. దానికి కారణం ఉంది. పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకుని కొనిచ్చిన రెండు దారాల గాలిపటంతో మన హాస్టల్ పిల్లలు ఏడాదిగా ఆడుకుంటున్నారు. లేపడం, తిప్పడం, దించడం వచ్చేశాయి. ఇప్పుడు రెండోది కొందామని డబ్బు పోగుచేస్తున్నారు. ఆ డబ్బులో కూలి పనికి వెళ్ళేవాళ్ళది ఉంది, చిన్న జీతాల వాళ్ళదీ ఉంది. అందుచేత పెట్టె మీద బొమ్మ చూసి మోజుపడి కొనకూడదు. కొనేముందు తెలుసుకోవలసిన నాలుగు సంగతులు ఇక్కడ చెబుతాను.

ఒక దారం – రెండు దారాలు

సంక్రాంతికి మనం ఎగరేసే కాగితం పటానికి ఒకటే దారం. దారం బిగించి లాగితే గాలి ఒత్తిడికి అడ్డపుల్ల వెనక్కి వంగుతుంది. పటం పడవ అడుగులా వంపు తిరిగి, ముక్కు ఎటుంటే అటు నేరుగా పోతుంది. దారం వదిలితే వంపు పోయి పటం చదునవుతుంది, నిలకడ తప్పి గిరగిర తిరుగుతుంది. ముక్కు మనకు కావలసిన వైపు తిరిగినప్పుడు మళ్ళీ లాగుతాం. ఒక్క దారంతో ఇంత చేయించే విద్య మన పిల్లలకు ఎవరూ నేర్పకుండానే వస్తుంది.

రెండు దారాల పటం సంగతి వేరు. దాని దారాలు బండి తోలేవాడి చేతిలో పగ్గాల్లాంటివి. కుడి చేయి లాగితే కుడికి, ఎడమ చేయి లాగితే ఎడమకు తిరుగుతుంది. రెండూ సమానంగా పట్టుకుంటే తిన్నగా పోతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నౌకాదళంలో ఉన్న పాల్ గార్బర్ ఓడల మీది తుపాకీ గురి అభ్యాసానికి రెండు దారాలతో తిప్పే పటాన్ని తయారుచేశారు. 1970లలో ఇంగ్లండుకు చెందిన పీటర్ పావెల్ పొడవైన తోక ఉన్న రెండు దారాల పటాన్ని ఆటవస్తువుగా ప్రపంచమంతా పరిచయం చేశారు. ఆ తరువాత రెక్కలు చాచిన పక్షిలా ఉండే త్రికోణపు పటాలు వచ్చాయి. ఇప్పుడు విన్యాసాల పటం అని కొనేవాటిలో ఎక్కువ ఈ రకమే. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో 2024, 2025 సంక్రాంతులకు జరిగిన అంతర్జాతీయ పతంగుల పండుగకు ఇతర దేశాల వాళ్ళు కూడా రకరకాల పటాలతో వచ్చారు.

ముందు మన చేతిని పరీక్షించుకోవాలి

గాలికి వీపు పెట్టి నిలబడండి. ఎదురుగా సగం గోపురం ఆకారంలో కొంత చోటు ఉందనుకోండి. పటం ఎగిరేది ఆ గోపురం గోడ మీదే. గోడ నడుమ భాగంలో లాగుడు ఎక్కువ. కుడి, ఎడమ అంచులకు, శిఖరానికి పోయేకొద్దీ లాగుడు తగ్గుతుంది. ఇది అర్థమైతే పటం దించడం తేలిక. అంచుకు తీసుకుపోతే దానంతటదే నెమ్మదిస్తుంది.

ఈ అయిదు పనులూ తడబడకుండా చేయగలిగితే రెండో పటం గురించి ఆలోచించవచ్చు. ఒకటి, పక్కవాడి సాయం లేకుండా నేల మీదినుంచి లేపడం. రెండు, తలెత్తున ఈ అంచునుంచి ఆ అంచుకు తిన్నని గీతలా నడపడం. మూడు, కుడికి ఒక చుట్టు తిప్పి, వెంటనే ఎడమకు ఒక చుట్టు తిప్పి దారాల మెలిక విప్పడం. నాలుగు, అనుకున్న చోట దించడం. అయిదు, పటం నేలకేసి దూసుకొస్తున్నప్పుడు కంగారుపడి లాగకుండా రెండడుగులు ముందుకు వేయడం. ముందుకు నడిస్తే దారం వదులై దెబ్బ తగ్గుతుంది. వెనక్కి లాగితే వేగం పెరిగి పుల్ల విరుగుతుంది. ఈ అయిదోది రాకపోతే ఎంత ఖరీదైన పటం కొన్నా వారం నిలవదు.

మన ఊళ్ళ గాలి ఎలాంటిది?

పటాన్ని దాని అందం చూసి కాదు, మన గాలిని బట్టి ఎంచుకోవాలి. ప్రతి పటానికీ ఇంత గాలి నుంచి ఇంత గాలి వరకు అని ఒక హద్దు ఉంటుంది. కొలిచే పరికరం మనకు అక్కరలేదు. ఆకులు గలగలలాడి, ముఖానికి గాలి తెలిస్తే గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లు. స్కూలు జెండా విచ్చుకుని, చిన్న కొమ్మలు ఆగకుండా కదులుతుంటే 12 నుంచి 19. దుమ్ము, కాగితం ముక్కలు లేస్తుంటే 20 నుంచి 28. చిన్న చెట్లే ఊగుతుంటే అంతకు మించిన గాలి. ఆ రోజు పటం గదిలోనే ఉండాలి.

ఫిజిక్సు చదివేవాళ్ళకు తెలిసిన సూత్రమే ఒకటి ఇక్కడ పనికొస్తుంది. గాలి వేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలవుతుంది. 10 కిలోమీటర్ల గాలిలో పదేళ్ళ పిల్లవాడు ఆడుకునే పటం 20 కిలోమీటర్ల గాలిలో వాణ్ణి ముందుకు ఈడుస్తుంది.

బందరులో, మంగినపూడి ఒడ్డున మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి మొదలై సాయంత్రం దాకా నిలకడగా వీస్తుంది. ఎండాకాలపు పైరగాలి ఇంకా బలంగా ఉంటుంది. నాగాయలంక, కోడూరు వైపు కూడా అంతే. గుడివాడ లోపలికి ఉంది కాబట్టి ఆ గాలి అక్కడికి ఆలస్యంగా, బలం తగ్గి చేరుతుంది. పైగా ఇళ్ళు, చెట్లు అడ్డం. చెట్టు దాటిన గాలి సుడులు తిరుగుతుంది. అందుకని చెట్టు ఎత్తుకు కనీసం ఏడెనిమిది రెట్లు దూరంగా నిలబడాలి. 10 మీటర్ల తాడిచెట్టు ఉంటే 80 మీటర్లు ఇవతలికి రావాలన్నమాట. మా నాన్న బడికి వెళ్ళలేదు. రొయ్యల చెరువు కాపలాలో ఉండి, నీటి మీద అలలు చూసి గాలి ఎటు మళ్ళుతోందో చెప్పేస్తాడు. నేను పుస్తకంలో చదివిన దానికీ ఆయన చెప్పిన దానికీ తేడా రాలేదు.

ఎంత పెద్దది కొనాలి?

చిన్న పటమే తేలిక అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఒక మీటరు వెడల్పు పటం చేయి కదిలీ కదలకముందే తిరిగిపోతుంది. చూసి సరిదిద్దుకునే లోపే నేల కొడుతుంది. రెక్కల కొసనుంచి కొసకు 2 నుంచి 2.2 మీటర్లుండే త్రికోణపు పటం నెమ్మదిగా, నిదానంగా తిరుగుతుంది. చేతికి ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. లాగుడు కూడా హైస్కూలు పిల్లలు ఆపగలిగినంతే. మన రెండో పటం ఇదే కావాలని నా అభిప్రాయం.

పుల్లలు లేని, గాలితో దిండులా ఉబ్బే పటాలు కూడా ఉన్నాయి. విరగడానికి ఏమీ ఉండదు కానీ పెద్దవి మరీ లాగుతాయి. నీళ్ళలో పడితే నిండి బరువెక్కుతాయి. 1980ల చివర అమెరికాలో వచ్చిన రివల్యూషన్ లాంటి నాలుగు దారాల పటాలు గాలిలో ఆగుతాయి, వెనక్కి కూడా నడుస్తాయి. చూడముచ్చటగా ఉంటాయి కానీ అది మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవలసిన విద్య. మూడోదో నాలుగోదో కొనేటప్పుడు చూద్దాం.

పుల్ల విరిగితే ఏం చేస్తాం?

కొనేముందు అంగడివాణ్ణి అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. పుల్లలు రెండు రకాలు. ఫైబర్ గ్లాసు పుల్ల బరువెక్కువ, వంగుతుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది. కార్బన్ పుల్ల తేలిక, బిగువు, తక్కువ గాలిలోనూ పటాన్ని లేపుతుంది. కానీ నేలకు తగిలితే పగులుతుంది, ఖరీదూ ఎక్కువే. నలభై చేతులు మారే పటానికి, బందరు గాలికి ఫైబర్ గ్లాసే మేలు. గుడివాడలాంటి చోట, అలవాటైన ఒకరిద్దరే ఎగరేస్తామంటే కార్బన్ గురించి ఆలోచించవచ్చు. ఏ రకమైనా అదే లావు పుల్లలు రెండు విడిగా దొరికితేనే పటం కొనండి. పుల్ల దొరకని పటం మూలన పడి ఉంటుంది.

గుడ్డ చిరుగు పాకని గళ్ళ నేత నైలాన్‌దో పాలియెస్టర్‌దో అయి ఉండాలి. ముక్కు దగ్గర, రెక్క కొసల దగ్గర అదనపు పొర కుట్టారేమో చూడండి. దెబ్బలన్నీ అక్కడే తగులుతాయి. సూత్రం సర్దుకునే వీలుండాలి. ముడిని ముక్కు వైపు జరిపితే పటం తేలిగ్గా లేస్తుంది. కిందికి జరిపితే లాగుడు పెరిగి మలుపు చిన్నదవుతుంది. ఒక్కసారికి అర సెంటీమీటరుకు మించి జరపకండి. రెండు వైపులా సమానంగా జరపండి.

దారం విషయంలో రాజీ వద్దు

2017 జూలై 11న జాతీయ హరిత ట్రిబ్యునల్ పటాలకు వాడే నైలాన్, సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించింది. 2024 జనవరిలో హైదరాబాదులో బండి మీద వెళుతున్న ఒక సైనికుడు మెడకు మాంజా తెగి చనిపోయాడు. పక్షుల సంగతి చెప్పనక్కరలేదు. కొల్లేటికి, మడ అడవులకు వచ్చే పక్షుల దారిలోనే మన ఊళ్ళు ఉన్నాయి.

బయటి దేశాల పటాలతో పాటు పెట్టెలో సింథటిక్ దారాలే వస్తాయి. అవి ఎంత బాగున్నా పక్కన పెట్టి, గాజుపొడి గానీ మరే పూత గానీ లేని అల్లిక నూలుదారం వాడుకుందాం. రెండు దారాల ఆటలో మాంజా అసలు పనికే రాదు. మెలిక పడగానే తన దారాన్ని తానే కోసుకుంటుంది. నూలుదారం కాస్త లావు, కాస్త సాగుతుంది. అందుకని 15 నుంచి 20 మీటర్ల పొడవు చాలు. కొత్త దారాలు రెండింటినీ ఒకే కొక్కేనికి తగిలించి సాగదీసి, సమానంగా కత్తిరించాలి. ఒకటి పొట్టిదైతే పటం అటే తిరుగుతుంది. ఒక్కో దారం 20 లీటర్ల నీళ్ళ బకెట్‌ను తెగకుండా మోయాలి. అదే మన పరీక్ష. తడిస్తే ఆరబెట్టాలి, లేకపోతే కుళ్ళుతుంది.

ఎక్కడ ఎగరేయాలి?

రొయ్యల చెరువుల దగ్గర వద్దు. గాలి చక్రాల మోటార్ల కోసం ప్రతి గట్టు మీదా కరెంటు తీగలుంటాయి. తడిసిన దారంలో కరెంటు పారుతుంది. కార్బన్ పుల్లలోనూ పారుతుంది. తీగకు చిక్కిన పటం పోయినట్టే అనుకోండి. కర్రతో తీయబోకండి. పటం మళ్ళీ కొనుక్కోవచ్చు.

వరి కోసిన చేను ఖాళీ అనుకోవద్దు. మన డెల్టాలో కోతకు ముందే మినుము చల్లుతారు. సంక్రాంతికి అది మొలకెత్తి ఉంటుంది. పరుగెత్తి తొక్కితే నష్టపోయేది మన ఇంటివాళ్ళలాంటి కౌలు రైతులే. తీగలు లేని స్కూలు గ్రౌండు, సముద్రపు ఒడ్డు మంచివి. మంగినపూడిలో నేల నల్లమట్టి. తడిమట్టి అంటితే మంచినీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టండి. ఉప్పు మిగిలితే కుట్లు చీకిపోతాయి. ఎదుట ఎవరూ లేకుండా దారం పొడవుకు రెట్టింపు ఖాళీ ఉంచండి.

1977 నవంబరు 19న గాలి ఏం చేయగలదో దివిసీమ చూసింది. ఆ రాత్రి గురించి మన తాతలు, అమ్మమ్మలు చెప్పగా విన్నాం. అందుకని బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరేసిన రోజున, మబ్బు పట్టి ఉరుములు వినిపించిన రోజున పటం ముట్టుకోకూడదు. ఇది వార్డెన్ గారు చెప్పకపోయినా మనంతట మనం పాటించవలసిన నియమం.

డబ్బు చాలకపోతే

కొనడానికి చాలకపోతే చేసుకోవచ్చు. వెదురు బద్దలు సన్నగా చీరి, పాత గొడుగు గుడ్డతో మీటరు ఎత్తు పటం కుట్టి, సూత్రం రెండు వైపులా కట్టి, అయిదారు మీటర్ల తోక తగిలిస్తే రెండు దారాల పటం తయారు. తోక ఊగిసలాటను తగ్గిస్తుంది. దీంతో విన్యాసాలన్నీ రావు గానీ కుడి ఎడమలు, చుట్లు బాగా వస్తాయి.

ఇక చివరి మాట. రెండోది రాగానే మొదటిదాన్ని అటక మీద పడేయకండి. దాన్ని కొత్తగా చేరిన అయిదో తరగతి, ఆరో తరగతి పిల్లలకు ఇవ్వండి. విరగ్గొడితే వాళ్ళ దగ్గర డబ్బులు వసూలు చేయవద్దు. విరిగిన పుల్ల ఎలా మార్చాలో నేర్పండి. రెండోది కొనేది పెద్దవాళ్ళకు కొత్త ఆట కోసమే కాదు, మొదటిది చిన్నవాళ్ళ చేతికి వెళ్ళడం కోసం కూడా. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. ఈ హాస్టల్లో నాకు పుస్తకాలు వదిలి వెళ్ళిన సీనియర్లు లేకపోతే అది జరిగేది కాదు. ఆ పుస్తకాలు కూడా వాళ్ళకు పాతవే.