నాడీకణములు లేని పేగు: అపోహలు – వాస్తవాలు

పురుడు వచ్చిన యింటికి పోయిన బంధువులు బిడ్డ ఎవరి పోలిక, ఎంత బరువు, పాలు త్రాగుచున్నదా యని అడుగుదురు గాని, తొలిసారి దొడ్డికి ఎప్పుడు పోయినదని అడుగువారు అరుదు. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతులైన శిశువులలో అత్యధికులు మొదటి 24 గంటలలో, తక్కినవారిలో దాదాపు అందరును 48 గంటలలో, నల్లని జిగట మలమును విసర్జింతురు. ఆ గడువు దాటియు తొలిమలము వెలువడక, పొట్ట ఉబ్బి, పచ్చని పసరు వాంతి యగుచున్నచో, వైద్యునికి స్ఫురింపవలసిన వ్యాధులలో హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి ముఖ్యమైనది. సుమారు 5,000 జననములకు ఒకటి చొప్పున కనబడు ఈ జన్మదోషము ఆడపిల్లలలో కంటె మగపిల్లలలో దాదాపు నాలుగు రెట్లు అధికము.

"పాలు త్రాగు బిడ్డ వారమునకొకసారి పోయినను తప్పు లేదు" అను మాట సగము నిజము, కనుకనే అపాయకరము. నెల దాటి, తల్లిపాలు మాత్రమే త్రాగుచు, చక్కగా బరువు పెరుగుచున్న బిడ్డ నాలుగైదు దినములు దొడ్డికి పోకున్నను, పోయినప్పుడు మెత్తగా పోవుచున్నచో, సాధారణముగా భయపడ నవసరము లేదు. పుట్టిన మొదటి రెండు దినములకు ఈ మినహాయింపు వర్తింపదు. అట్లే, ఆట విడిచి రానొల్లక దొడ్డి బిగపట్టుకొను మూడేండ్ల పిల్లవానిని చూచి ఈ వ్యాధియే యని తల్లడిల్లుటయు తగదు; మలబద్ధముగల పిల్లలలో అత్యధికులకు పేగునాడులు సవ్యముగనే యుండును. కావుననే మలబద్ధము పురిటిలోనే మొదలైనదా, తరువాత వచ్చినదా యని వైద్యుడు మొట్టమొదట విచారించును.

మన యిండ్లలో ఇట్టి బిడ్డకు జరుగు ఉపచారము తెలిసినదే. అమ్మమ్మ తమలపాకు తొడిమను ఆముదములో ముంచి మలద్వారమున నుంచును, మరుక్షణమే గాలియు, నీళ్లవంటి మలమును ఒక్కపెట్టున చిమ్ముకొని వచ్చును, బిగిసిన పొట్ట జారును, బిడ్డ నిద్రించును. "ఇంతేగదా, వాయువు పట్టినది" అని ఇంటిల్లిపాదియు ఊరట చెందుదురు. రెండు దినములకు పొట్ట మరల బిగియును, తొడిమ మరల వచ్చును. రోగము తగ్గుచున్నదని అందరును భ్రమపడు ఈ ఘట్టమే నిజమునకు రోగలక్షణము: వైద్యుడు వ్రేలితో పరీక్షించి వెనుకకు తీసినపుడు అట్లే చిమ్ముకొని వచ్చుట హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధిని అనుమానింపజేయు గుర్తులలో నొకటి. తొడిమ గాని, సబ్బుముక్క గాని తాత్కాలికముగ దారి తెరచునేమో, ఆ పేగులో పుట్టుకతోనే లేని నాడీకణములను తెచ్చిపెట్టజాలదు. పైగా లేత పేగు గాయపడును. పొట్టపై వాతలు పెట్టుటను గూర్చి వేరుగ చెప్పనేల? అది క్రౌర్యము.

ఇక నింద మోయునది తల్లి. గ్రహణమునాడు బయటికి వచ్చినదనియు, బొప్పాయి తిన్నదనియు, ఆమె పుట్టినింటి దోషమనియు అందురు. జరిగినది వేరు. పేగు కదలికను నడుపు నాడీకణములు పిండములో పైనుండి బయలుదేరి, అన్నవాహిక మొదలుకొని క్రమముగ క్రిందికి సాగుచు, సుమారు పండ్రెండవ వారమునకు పురీషనాళమును చేరవలెను. ఆ ప్రయాణము నడుమ నిలిచిపోయినచో, అక్కడినుండి మలద్వారము వరకు గల పేగు నాడీకణశూన్యమై, సడలుట యెరుగక సదా బిగిసి యుండును. కొన్ని కుటుంబములలో రెట్ అను జన్యువునందలి మార్పు దీనికి మూలము. డౌన్ సిండ్రోమ్ గల శిశువులలో ఈ దోషము హెచ్చుగ కనబడును. జన్యువు తండ్రినుండియు రావచ్చునను మాట ఆ నింద వేయువారు వినవలెను.

అపోహపడినవారు అమ్మమ్మలు మాత్రమే కారు. కోపెన్‌హాగెన్ నగరపు శిశువైద్యుడు హెరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో బెర్లినులో ఇద్దరు శిశువుల వృత్తాంతమును వివరించినపుడు, విపరీతముగ ఉబ్బిన పెద్దపేగే వ్యాధిస్థానమని తలచెను. తరువాతివారును చాలకాలము ఆ ఉబ్బిన భాగముపైననే దృష్టి నిలిపిరి. దానిని కోసివేసినను వ్యాధి తిరిగి వచ్చుచుండెడిది. చూపునకు ఏ వికారమును లేక, సన్నగా, సాధారణముగ కనబడు క్రింది భాగమే రోగగ్రస్తమనియు, ఉబ్బిన భాగము దాని అడ్డును దాటుటకు పెనుగులాడి అట్లయిన ఆరోగ్యవంతమైన పేగనియు గ్రహించి, బోస్టనులో ఆర్వర్ స్వెన్‌సన్ 1948లో ఆ సన్నని భాగమును తొలగించు శస్త్రచికిత్సను ప్రకటించెను. నేటి చికిత్సకు ఆధారము ఇదియే: నాడీకణములు లేని భాగమును తీసివేసి, ఉన్న భాగమును క్రిందికి దించి మలద్వారమునకు అతుకుదురు. 1998 నుండి, లోపము తక్కువ పొడవున నున్న పలువురు శిశువులకు పొట్ట కోయకయే మలద్వారము ద్వారా దీనిని చేయుట వ్యాప్తిలోనికి వచ్చినది.

"ముక్క తీసి పరీక్షింతురట" అని బెదరువారు కలరు. పురీషనాళపు లోపొరనుండి తీయు ఆ ముక్క అతిచిన్నది. నొప్పి తెలియని చోటినుండి తీయుదురు గనుక పసిబిడ్డకు సాధారణముగ మత్తుమందు సహితము అక్కరలేదు. రోగనిర్ణయమునకు అదియే తుది ప్రమాణము. "ఆపరేషను పెద్దవాడైన పిదప చేయింతుము" అను వాయిదా మాత్రము ప్రమాదకరము. మలము పోవుటకు పొట్టపై సంచి పెట్టవలసివచ్చినను, అది చాలమందికి కొన్ని నెలల ఏర్పాటే.

అన్నిటికంటె ప్రాణాంతకమైన అపోహ ఇది: "ఇన్నాళ్లు బిగిసిన బిడ్డకు విరేచనములగుచున్నవి, అడ్డు తొలగినది." జ్వరము, పొట్ట ఉబ్బు, దుర్గంధముతో చిమ్ముకొను నీళ్లవిరేచనములు, బిడ్డ వాడిపోవుట – ఇవి కలిసినచో అది పేగువాపు, ఆపరేషనుకు ముందేకాక, విజయవంతముగ జరిగిన పిదపను రావచ్చును. ఇంటిలో ఓఆర్‌ఎస్ పట్టుచు తెల్లవారుదాక వేచియుండుట, విరేచనములు కట్టు మందు వేయుట రెండును కూడవు. సెలైను, యాంటీబయాటిక్కులు, పురీషనాళమును గొట్టముతో కడుగుట ఆసుపత్రిలో ఆ రాత్రియే మొదలుకావలెను. ఇంతటి గండము లేకున్నను, శస్త్రచికిత్సానంతరము కొందరికి మలబద్ధమో, గుడ్డలు పాడగుటయో కొన్నేండ్లు ఉండును. అది పిల్లవాని అశ్రద్ధ కాదు, కొట్టి మాన్పునదియు కాదు.

తలిదండ్రులారా! బిడ్డ తొలిసారి దొడ్డికి పోయిన గంటను ప్రసూతి కాగితముపైననే వ్రాయించుకొనుడు. ఆపరేషను జరిగిన బిడ్డ గలవారు డిశ్చార్జి కాగితమును చేతికందునట్లు ఉంచుకొని, ఏ ఊరి ఆసుపత్రికి ఏ వేళ పోయినను, అక్కడి డాక్టరునకు జ్వరము మాటకంటె ముందు ఈ వ్యాధి పేరు చెప్పుడు.