వీథిలో నిలిచిన పాతకారు

మా యనంతపురములో ఎండలు ముదిరినపుడు ఇల్లాలి చెవి ట్యాంకరు కూతమీదనే యుండును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మెట్టసీమ యిది. పెన్నహోబిలము జలాశయమునుండి గొట్టములవెంట నీరు పట్టణమునకు వచ్చుచున్నను, వేసవిలో సందు చివరనున్న మా వంటి యిండ్లకు ట్యాంకరే దిక్కు. గడచిన వైశాఖమాసమున ఒక యుదయము ఆ ట్యాంకరు మా సందు మొదటనే నిలిచిపోయెను. పదునెనిమిది యిండ్ల స్త్రీలము బిందెలు వరుసగా పెట్టుకొని కాచుకొని యుంటిమి. "ఆ కారు తియ్యకుంటే బండి లోపలికి రాదమ్మా" అని డ్రైవరు చెప్పి, పది నిమిషములు చూచి, మఱియొక వీథికి తరలిపోయెను. నిండుచూలా లొకతె ఆనాడు రెండు బిందెలతో పెద్దబాటదాక పోయి నీరు తెచ్చుకొనెను.

ఆ కారు తెల్లని మారుతి 800. 1983లో పుట్టి 2014 జనవరిలో తయారీ నిలిచిపోయిన బండి యది. మా చిన్నతనమున డాక్టరుగారి యింటిముందు అట్టిది నిలిచియున్న, పిల్లలము చుట్టును మూగి అద్దములో ముఖములు చూచుకొనెడివారము. ఇప్పు డీ సందులోనిదానికి టైర్లలో గాలి పోయినది. అద్దములపై ఎఱ్ఱదుమ్ము మందముగా పేరినది. ఆ దుమ్ములో పిల్లలు వ్రేళ్లతో తమ పేళ్లు వ్రాసికొనిరి. ఆఱుమాసములనుండి అది గోడ నానుకొని యట్లే యున్నది. దాని క్రింద నొక కుక్క యీని నాలుగు పిల్లలను పెంచినది కూడ. చూచుచునే యుంటిమి గాని, నీళ్లబండి ఆగినదాక అది యెవరిదని మా కెవరికిని పట్టలేదు.

నంబరు పలకమీద ఏపీ 02 అని యున్నది. 2019కి పూర్వము మా జిల్లాలో నమోదైన బండ్ల కది గుర్తు. ఆ యేట రాష్ట్రమంతటికి ఏపీ 39 అను నొక్కటే వరుస మొదలిడిరి గనుక, నాటినుండి వచ్చిన క్రొత్తబండిని చూచి అది ఏ జిల్లాదో చెప్పుటకు వీలులేదు. కారు మా జిల్లాదే యని మాత్రము తేలినది, ఎవరిదో తేలలేదు.

పూర్వము రథమును చూడగానే రథికుడు తెలిసెడివాడు. విరాటపర్వములో అర్జునుడు కౌరవసేనలోని టెక్కెములను చూపి, ఇది ద్రోణునిది, ఇది కర్ణునిది యని ఉత్తరునకు చెప్పును. యుద్ధమునకు వచ్చినవాడు తానెవరో పదుగురకు తెలియవలెననియే టెక్కె మెత్తించుకొనును. కూరగాయలకు బజారు పోవు ఇల్లాలి బండికి టెక్కె మెందులకు? నేటి నంబరు పలక టెక్కెము కాదు, అంకె మాత్రమే. ఆ యంకె వెనుకనున్న పేరును, ఇంటి జాడయు రవాణాశాఖవారి లెక్కలలో నుండును. పోలీసులకు, న్యాయస్థానమునకు, ప్రమాదములో దెబ్బతిన్నవారికి అవి తెలియవలసిన సమయము లుండును. దారిన పోవు ప్రతివారికిని తెలియ నక్కఱలేదు. ఈ భేదము ఆనాడు మా వీథివారికి తోచలేదు, మాకును తోచలేదు.

ప్రక్కయింటి కుఱ్ఱవాడు ఫోనులో నంబరు కొట్టి చూచెను. ప్రభుత్వమువారి యాపులో పేరు నడుమ అక్షరములకు మాఱు నక్షత్రపు గుర్తులు వచ్చినవి. అంతటితో ఊరకుండక, తెలిసినవారి నెవరినో పట్టుకొని పూర్తిపేరు రాబట్టెను. కారునకు ఫొటో తీసి, "ఫలానివారి కారు, ఫలాని సందులో నీళ్లబండి కడ్డముగా నున్నది, ఎఱిగినవారు చెప్పుడు" అని వీథివారి వాట్సాప్ బృందములో పెట్టెను. నీరులేక మండిపడుచున్న మేమును దానిని పుట్టింటివారి బృందమునకు, మా వారి పాఠశాలలోని యుపాధ్యాయుల యిల్లాండ్ర బృందమునకు పంపితిమి. పంపునపుడు మాకు ఒక విధమైన తృప్తి కూడ కలిగెనని ఒప్పుకొనుచున్నాము.

మూడవనాటికి సంగతి తెలిసినది. ఆ కారు మా యింటికి నాలుగిండ్ల యవతల అద్దెకున్న యొక సోదరి యధీనములోనిది. ఆమె పేరు గాని పుట్టినూరు గాని ఇచట వ్రాయము. చిన్నకూతుతో వచ్చి, జాకెట్లు కుట్టి జీవించుచుండెను. మా జాకెట్లును ఆమెయే కుట్టినది. ఎన్నిమాఱులు ఆ కారు ప్రక్కగా ఆమె యింటికి పోయియుందుమో! "ఇది యెవరిదమ్మా" అని ఒక్కనాడును అడిగినవారము కాము.

కారు ఆమె యన్నగారి పేర నున్నది. భర్త చేతి దెబ్బలకు తాళలేక ఆమె యొక రాత్రి పిల్లతో గడప దాటగా, అన్న ఆ కారులో తెచ్చి యిక్కడ దింపెనట. త్రోవలోనే బండి మొరాయించినది. సందులోనికి వచ్చి నిలిచిపోయినది. అన్న బస్సులో మరలిపోయెను. ఆమెకు నడుపుట రాదు. బాగుచేయించినను, 15 ఏండ్లు నిండి రిజిస్ట్రేషను గడువు తీఱిపోయిన బండి. సొంతకారును తనిఖీ చేయించి ఐదేండ్లకు పొడిగించుటకు 600 రూపాయలుగా నుండిన రుసుము 2022 ఏప్రిలులో 5,000 అయినది. 20 ఏండ్లు దాటినవానికి 2025లో 10,000 చేసిరి. కుట్టుకూలితో బ్రదుకు స్త్రీ యెక్కడనుండి తెచ్చును?

తా నెక్కడ నున్నదో భర్తవైపువారికి తెలియకుండుటయే ఆమెకు రక్షణ. మేము పంపిన ఫొటో ఎన్ని చేతులు మాఱెనో! పదియవ దినమున ఇరువురు మగవారు మోటారు సైకిలుపై వచ్చి, కారు దగ్గఱ నిలిచి, ఫోనులోని ఫొటోతో సరిపోల్చి చూచుకొని, దీనిని వాడువా రే యింటిలో నున్నారని అడిగిరి. అడుగబడినవా రెవరో తెలియదన్నందున ఆ పూటకు పోయిరి.

ఆ సాయంకాల మామె మా యింటికి వచ్చెను. "అక్కా, నన్నడిగియుంటే నలుగురిని పిలిచి నేనే తోయించి యుందును గదా" అన్నది. అంతకు మించి నిష్ఠురమాడలేదు. 2005 నాటి గృహహింస చట్టము క్రింద రక్షణ కోరవచ్చునని, 181 నంబరునకు ఫోను చేసిన సాయము దొరకునని మా వారు చెప్పిరి. ఆమె తల యూచుచు వినెను. కాని ఆ రాత్రికి ఆమెకు కావలసినది మఱియొక యూరు. తెల్లవాఱకముందే పిల్లను లేపుకొని, కారు తాళపుచెవి మా చేతిలో పెట్టి, వెడలిపోయెను. కుట్టుమిషను తరువాత పంపితిమి. అదియు ఆమె యన్న చెప్పిన మఱియొకరి యింటికే.

మా సందులో జరిగినది క్రొత్త సంగతి గాదు. 1989 జూలైలో అమెరికాలోని లాస్ ఏంజలీసు నగరమున రెబెక్కా షేఫర్ అను 21 ఏండ్ల నటిని, బహుకాలముగా వెంటాడుచున్న యొకడు ఆమె యింటి గుమ్మములోనే కాల్చి చంపెను. వాడు ప్రైవేటు పరిశోధకునికి పైకమిచ్చి ఆమె యింటిజాడ తెప్పించుకొనెను. ఆ జాడ దొరికినది కాలిఫోర్నియా రాష్ట్రపు మోటారువాహనశాఖ లెక్కలలో. దానిపై అలజడి పుట్టి, 1994లో ఆ దేశపు కాంగ్రెసు, వాహనశాఖ లెక్కలలోని వివరములను కాపాడుటకు శాసనము చేసెను.

మన దేశమున 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీముకోర్టులో తొమ్మండ్రు న్యాయమూర్తులు, ఆంతరంగికతయు ప్రాథమికహక్కే యని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. అయినను 2019లో కేంద్రరవాణాశాఖవారు బండ్ల వివరములను మొత్తముగా వెలకిచ్చు విధానమును ప్రకటించిరి. 87 ప్రైవేటు సంస్థలకు, 32 ప్రభుత్వసంస్థలకు ఆ లెక్కలు చూడనిచ్చి 65 కోట్ల రూపాయలు రాబట్టినట్లు ఆ యేటి జూలైలో పార్లమెంటునకు తెలిపిరి. ఈ సంగతి చదివి వినిపింపగా మా అత్తగారు "అందులో మన వాటా యెంతే?" అన్నారు. దుర్వినియోగ భయముచేత 2020 జూనులో ఆ విధానమును రద్దుచేసిరి. 2023లో వ్యక్తుల వివరముల రక్షణకు ప్రత్యేకముగా చట్టమును వచ్చినది. చట్టము మాట అట్లుండనిండు. ఇంటిలో కూర్చుండి వ్రేలితో ఫొటోను ముందుకు త్రోసిన మా వంటివారి చేతి నే చట్టము పట్టుకొనును?

అయితే త్రోవ మాటేమి? నీళ్లబండి రావలదా? అర్ధరాత్రి నొప్పులు వచ్చిన చూలాలికి 108 బండి గుమ్మమునకు రావలదా? ఎద్దులబండ్లు పోవుటకు వేసిన సందులివి. పెనుకొండ చేరువ ఎఱ్ఱమంచిలో కియావారి కర్మాగారమునుండి 2019 మొదలు కార్లు వెలువడుచున్నవి; మా పట్టణపు సందులు మాత్రము జానెడైనను పెరుగలేదు. వీథి యందఱిది. దానిని నెలలకొలది తన కొట్టముగా వాడుకొను హక్కు ఎంతటి కష్టములో నున్నవారికిని లేదు. ఇది మేమా సోదరికి మొగముమీదనే చెప్పియుండ వలసినది, చెప్పియుంటే ఆమె వినియుండెడిది.

అడిగినను తీయనివారి విషయమున 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 127వ సెక్షనున్నది. బహిరంగస్థలమున 10 గంటలు, అంతకు మించి, విడిచిపెట్టబడిన బండిని యూనిఫారములోనున్న పోలీసు అధికారి లాగించి వేయవచ్చును. ఆ ఖర్చు యజమానియే పెట్టుకొనవలెను. ఇందులకు మనము చెప్పవలసినది బండి నంబరు, అది యున్న చోటు. పేరు కనుగొనుట వారి పని. ఇంత సుళువైన దారి యుండగా మేము పదునెనిమిది కుటుంబములవారము పరిశోధకుల అవతారమెత్తితిమి.

పాతబండి యింటనున్న సోదరీమణులకు ఇంకొక్క మాట. భర్త పోయిన తరువాత ఆయన కారు ఆయన పేరనే పడియుండుట పెక్కిండ్ల చూచుచున్నాము. మరణము జరిగిన 30 దినములలో రవాణా కార్యాలయమునకు తెలిపి, మూడుమాసములలో తమ పేరునకు మార్చుమని కోరవలెను. అమ్మినను అంతే, అమ్మినవారు 14 దినములలో, కొన్నవారు 30 దినములలో తెలుపవలెను. కాగితము మాఱకున్న, కొన్నవాడు చేసిన ప్రమాదమునకు సైతము పుస్తకములో పేరున్నవారే బాధ్యులని 2018లో సుప్రీముకోర్టు చెప్పినది. ఇక నడువని బండికి, 2021 నాటి నియమముల ప్రకారము ఏర్పడిన తుక్కుకేంద్రము లున్నవి. వారిచ్చు పత్రమును క్రొత్తబండి కొనునపుడు చూపవచ్చును. మగనిమీది మమకారముతో కారును వాకిట నుంచుకొన్న ముదుసళ్ల నెఱుగుదుము. వారిని తొందరపెట్టుటకు మాకు నోరాడదు.

అరణ్యపర్వములో దమయంతి రథఘోష విని నలుడే వచ్చెనని తలచెను. చూడగా వచ్చినవాడు కుఱచచేతుల బాహుకుడు. ఆమె పదుగురిలో పేరుపెట్టి పిలువలేదు. కేశినిని పంపి మెల్లగా మాటాడించినది. వాని వంట తెప్పించి రుచిచూచినది. బిడ్డలను పంపి వాని కన్నీరు కనిపెట్టినది. దాగియున్నవారికి దాగుటకు కారణముండునని ఆమె కెఱుక. ఈ కథ చిన్ననాడు మా తండ్రిగారియొద్ద చదివి, పెద్దయై మా పిల్లలకు చెప్పియు, వాకిట నిలిచిన కారును చూచినపుడు మాకు జ్ఞప్తికి రాలేదు.

ఆమె వెళ్లిన మఱునాడు, ఆఱుగురు స్త్రీలము తాళము తీసి, రెండు టైర్లకు గాలి కొట్టించి, కారును సందు వెనుక ఖాళీస్థలములోనికి తోసితిమి. పావుగంట పట్టలేదు. ఆ సాయంకాలము ట్యాంకరు చివరి యింటిదాక వచ్చెను. ఫొటోను మేము తుడిచివేసితిమి. పంపినచోట్లకెల్ల తుడిచివేయుడని వ్రాసితిమి. కొందఱు తుడిచిరి. కొందఱు ఏ ఫొటో యని తిరిగి యడిగిరి.

ఆషాఢమున ఆమె యన్నగారు మోకుతో లాగు బండి నొకదానిని తెచ్చి కారును తీసికొనిపోయెను. తాళపుచెవి యిచ్చి, మజ్జిగ యిచ్చి, చెల్లెలెట్లున్నదని అడిగితిమి. బాగున్నది, పాపను బడిలో వేసితిమి అనెను. ఏ యూరని మేము అడుగలేదు.