జపాన్‌లో రిలీజైన గేమ్ మన దాకా రావడానికి నెలలు ఎందుకు పడుతుంది?

జపనీస్ ఆర్‌పీజీలు ఆడేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. గేమ్ అక్కడ రిలీజైపోతుంది. క్లైమాక్స్ ఏంటో యూట్యూబ్ థంబ్‌నెయిల్స్‌లోనే తెలిసిపోతుంది. ఇంగ్లిష్ వెర్షన్ మాత్రం రాదు. ‘పెర్సోనా 5’నే తీసుకోండి. జపాన్‌లో 2016 సెప్టెంబర్ 15న వచ్చింది. ఇంగ్లిష్‌లో 2017 ఫిబ్రవరి 14న వస్తుందని చెప్పి, తర్వాత ఏప్రిల్ 4కి జరిపారు. ‘యాకుజా 5’ పరిస్థితి ఇంకా ఘోరం. 2012 డిసెంబర్‌లో వచ్చిన గేమ్, ఇంగ్లిష్‌లో 2015 డిసెంబర్‌కి గానీ రాలేదు.

“డైలాగులు ట్రాన్స్‌లేట్ చేయడానికి ఇంత టైమా?” అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ట్రాన్స్‌లేషన్ ఒక్కటే అయితే ఇంత పట్టదు. దాని చుట్టూ ఉన్న పనులకే ఎక్కువ టైమ్ పడుతుంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎవరు మాట్లాడుతున్నారో తెలీదు

ట్రాన్స్‌లేటర్ చేతికి వచ్చేది నవలలా వరసగా సాగే కథ కాదు. చాలాసార్లు వేల లైన్లున్న స్ప్రెడ్‌షీట్. ఏ లైన్ ఎవరు, ఎవరితో, ఏ సీన్‌లో అంటున్నారో అందులో ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. పైగా జపనీస్‌లో కర్తని వదిలేసి మాట్లాడటం మామూలే. ‘కిత’ అనే ఒక్క మాటకి వచ్చాడు, వచ్చింది, వచ్చాను, వచ్చారు... వీటిలో ఏ అర్థమైనా ఉండొచ్చు. మనం కూడా తెలుగులో కర్తని వదిలేస్తాం. కానీ మన క్రియ చూస్తే ఆడో మగో చాలావరకు తెలిసిపోతుంది, జపనీస్‌లో తెలీదు. హంతకుడెవరో దాచిపెట్టిన డిటెక్టివ్ గేమ్‌లో ఇక్కడ తప్పు చేస్తే సస్పెన్స్ మొత్తం పోయినట్టే. అందుకే ట్రాన్స్‌లేటర్లు డెవలపర్లని అడగాలి, జవాబు కోసం ఆగాలి.

మాట మారితే కోడ్ కూడా మారాలి

జపనీస్‌లో ‘మాయ’ అని రాయడానికి రెండు అక్షరాలు చాలు. ఇంగ్లిష్‌లో అయిదు కావాలి. జర్మన్‌లో మాటలు ఇంకా పొడుగు. జపనీస్‌కి సరిపడా గీసిన మెనూ బాక్సుల్లో ఇవి పట్టవు. మాటైనా కుదించాలి, బాక్సైనా పెంచాలి.

ఇంకో చిక్కు, ఆడుతుండగా గేమే కూర్చే వాక్యాలు. “కత్తి దొరికింది” సరే. అవే 5 అయితే “కత్తులు దొరికాయి” అనాలి. జపనీస్‌లో ఈ మార్పు అక్కర్లేదు కాబట్టి ఒరిజినల్ కోడ్‌లో దానికి ఏర్పాటు ఉండకపోవచ్చు. అప్పుడు ప్రోగ్రామర్ మళ్లీ కూర్చోవాల్సిందే. మన లిపి సంగతైతే ఇంకో మెట్టు పైన. ఒత్తుల్ని సరిగా కలపడం గేమ్ ఇంజిన్‌కి రాకపోతే, ‘స్త్రీ’ అనే అక్షరం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

వాయిస్, టెస్టింగ్, సర్టిఫికెట్

స్క్రిప్ట్ ఖాయమయ్యాకే డబ్బింగ్ చేయడం క్షేమం. రికార్డింగ్ అయ్యాక లైన్ మారిస్తే, ఆర్టిస్ట్‌ని మళ్లీ స్టూడియోకి పిలవాలి. ఆ తర్వాత టెస్టర్లు గేమ్ మొత్తం ఆడి చూస్తారు. దాదాపు వంద గంటల గేమ్, అందులో ప్లేయర్ ఎంపికని బట్టి మారే డైలాగులు. అన్ని దారులూ తిరిగి చూడాలి. ఇది అయ్యాక ఏజ్ రేటింగ్. జపాన్‌లో సెరో, అమెరికాలో ఈఎస్ఆర్‌బీ, యూరప్‌లో పెగి. వీటికి తోడు కన్సోల్ కంపెనీల సొంత తనిఖీ.

డబ్బు లెక్క కూడా ఉంది

‘ట్రెయిల్స్ ఇన్ ద స్కై’ రెండో భాగం జపాన్‌లో 2006లో వచ్చింది. ఇంగ్లిష్‌లో వచ్చింది 2015లో, అంటే తొమ్మిదేళ్లకి! టెక్స్ట్ కొండంత, పబ్లిషర్ చిన్నది. అదే 2006లో నింటెండో జపాన్‌లో వదిలిన ‘మదర్ 3’ ఇంతవరకు అఫీషియల్‌గా ఇంగ్లిష్‌లోకి రానేలేదు. చివరికి ఫ్యాన్సే 2008లో సొంతంగా ట్రాన్స్‌లేషన్ ప్యాచ్ విడుదల చేశారు.

మరి ఇప్పుడు ఒకేసారి ఎలా వస్తున్నాయి?

2024లో ‘లైక్ ఎ డ్రాగన్: ఇన్ఫినిట్ వెల్త్’ జనవరి 26న, ‘పెర్సోనా 3 రీలోడ్’ ఫిబ్రవరి 2న ప్రపంచమంతా ఒకే రోజు వచ్చాయి. ఇలా చేయాలంటే గేమ్ తయారవుతుండగానే ట్రాన్స్‌లేషన్ మొదలుపెట్టాలి. దీనికీ ఖరీదుంది. మధ్యలో రైటర్ ఒక సీన్ మారిస్తే, అన్ని భాషల్లోనూ ఆ సీన్ మళ్లీ చేయాలి. అన్ని భాషలూ రెడీ అయ్యేదాకా జపాన్ ప్లేయర్లు కూడా ఆగాలి. అంటే వెయిటింగ్ ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు అందరం కలిసి పంచుకుంటున్నాం. స్పాయిలర్ల బెడద తగ్గింది కాబట్టి నా ఓటు దీనికే.

అలాగని ఎక్కువ టైమ్ తీసుకుంటే క్వాలిటీ గ్యారంటీ అనుకోకండి. అన్ని నెలలు ఆగి వచ్చిన ‘పెర్సోనా 5’ ఇంగ్లిష్ డైలాగులు కృత్రిమంగా ఉన్నాయని విమర్శలొచ్చాయి. ‘రాయల్’ ఎడిషన్‌లో కొన్ని లైన్లు సరిదిద్దారు కూడా.

ఆగలేక జపాన్ వెర్షన్ తెప్పించుకుందాం అనుకునేవాళ్లకి ఒక్క మాట. అందులో ఇంగ్లిష్ ఉందో లేదో ముందే చూసుకోండి. స్టీమ్‌లో అయితే ప్రతి గేమ్ పేజీలో భాషల పట్టిక ఉంటుంది. ఇంటర్‌ఫేస్, ఆడియో, సబ్‌టైటిల్స్ మూడూ వేర్వేరు కాలమ్స్. ఇంటర్‌ఫేస్ దగ్గర టిక్ కనిపించగానే కొనేయకండి, సబ్‌టైటిల్స్ కాలమ్ కూడా చూడండి. కథ అర్థం కావాలంటే కావాల్సింది అదే.