ఇంటి గదిలో విమానయానము: చిత్రము ఎందుకు తడబడును?

బేగంపేట విమానాశ్రయము నుండి సాధారణ ప్రయాణికుల విమానములు 2008 మార్చిలో శంషాబాదునకు తరలిపోయినవి. అయినను మాదన్నపేటలో ఒక మేడగదిలో నా విద్యార్థి యొకడు దాదాపు ప్రతి సాయంకాలమును బేగంపేటలో విమానమును దింపుచున్నాడు. అతని విమానము కంప్యూటరులో నున్నది. రెక్కలపై గాలి చేయు పనిని గణితముచే లెక్కించి, చోదకుని కిటికీలో కనబడవలసిన దృశ్యమును తెరపై గీసి చూపు ఈ యేర్పాటును వాడుకలో సిమ్యులేటరు అందురు.

అతనికి వచ్చిన చిక్కు ఇది. ఎత్తున ఎగురుచున్నంతసేపు దృశ్యము సాఫీగా సాగును. నగరముపైకి దిగి, రన్‌వే దగ్గరపడగానే బొమ్మ ఆగి ఆగి కదలును. గ్రాఫిక్సు కార్డు పాతబడినది, క్రొత్తది కొనవలసినదే యని ఒక దుకాణదారుడు చెప్పెను. దాని వెల ఆ పిల్లవాని తండ్రికి రెండు నెలల జీతము. అంత సొమ్ము వెచ్చించుటకు ముందు తేల్చుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు: ఆలస్యము ఎవరి దగ్గర జరుగుచున్నది?

తెరపై ఒక్కొక్క చిత్రము తయారగుటకు ఇద్దరు పనిచేయవలెను. ప్రాసెసరు మేస్త్రీ వంటిది. విమానము ఎచ్చట నున్నది, ఎటు వంగినది, చుట్టును ఏ భవనములు, ఏ యితర విమానములు కనబడవలెను అని లెక్కకట్టి పని పురమాయించును. గ్రాఫిక్సు కార్డు రంగులు వేయు కూలీల దండు. 1920 × 1080 కొలతగల తెరలో 20,73,600 బిందువులుండును. సెకనుకు 30 చిత్రములు కావలెనన్నచో, ఒక్కొక్క చిత్రములో ఇన్ని బిందువులకును 33 మిల్లీసెకనులలో రంగు నిర్ణయము కావలెను. కూలీలు ఒక చిత్రమునకు రంగులు వేయుచుండగా మేస్త్రీ తరువాతి చిత్రమును సిద్ధపరచుచుండును. కావున ఇద్దరిలో ఎవరు నెమ్మదియో వారి వేగమే మొత్తము వేగమగును.

సెకనుకు ఇన్ని చిత్రములు అను సగటు అంకెను చూచి మురియరాదు. చిత్రములు సమానమైన ఎడముతో వచ్చుట ముఖ్యము. గంటకు 260 కిలోమీటర్ల వేగముతో, 3 డిగ్రీల వాలున దిగు జెట్ విమానమును తీసికొనుడు. అది సెకనుకు 72 మీటర్లు ముందుకు, సుమారు 3.8 మీటర్లు క్రిందికి పోవును. చిత్రము సెకనులో అయిదవ వంతు నిలిచిపోయినచో, అంతలో విమానము 14 మీటర్లు ముందుకు, ముప్పాతిక మీటరు క్రిందికి జరిగియుండును. చోదకుడు ఆలస్యముగా గ్రహించి, ఆ లోటు పూడ్చుటకై కర్రను ఎక్కువగా లాగును. ముక్కు అతిగా లేచును. తిరిగి అతిగా దింపును. ఇట్లు నూరుసార్లు చేసిన చేతికి తప్పుడు అలవాటు పట్టుపడును. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ తయారుచేసిన శిక్షణ యంత్రములో బయటి దృశ్యమే లేదు. కొలమానములను చూచియే నడపవలెను. అట్టి యంత్రములతో రెండవ ప్రపంచయుద్ధకాలమున వేలకొలది చోదకులు శిక్షణ పొందిరి. బొమ్మ లేకుండుట కంటె తడబడు బొమ్మయే నేర్చుకొనువానికి ఎక్కువ కీడని నా యభిప్రాయము.

ఆలస్యము ఎవరిదో కనుగొనుటకు సులభమైన ప్రయోగమున్నది. విమానమును తడబాటు కలుగు చోటనే నిలిపి, తెర కొలతను 1920 × 1080 నుండి 1280 × 720 నకు తగ్గింపుడు. బిందువులు 9,21,600 అగును. అనగా సగముకంటె తక్కువ. కూలీల పని చాల తగ్గినది, మేస్త్రీ పని తగ్గలేదు. చిత్రముల వేగము పెరిగినచో జాప్యము కార్డుది, పెరగనిచో ప్రాసెసరుది. ఈ పరీక్షలో స్థలమును, వాతావరణమును, పగటి వేళను మార్చరాదు. ప్రయోగశాలలో ఒక్క రాశినే మార్చి తక్కినవానిని స్థిరముగా నుంచు నియమమే ఇచ్చటను వర్తించును.

మన విద్యార్థి ఈ పరీక్ష చేయగా వేగము ఇంచుమించు మారలేదు. కార్డు తీరికగానే యున్నది. నగరములోని భవనములను, ఇతర విమానములను లెక్కించుటలో ప్రాసెసరు వెనుకబడుచున్నది. క్రొత్త కార్డు కొనినను తడబాటు అట్లే యుండెడిది. ఇతర విమానముల సంఖ్యను, భవనముల దట్టమును, వివరములు చూపవలసిన దూరమును ఒక్కొక్క మెట్టు తగ్గింపగా చిక్కు చాలవరకు తీరినది.

కార్డునకు తీరిక ఉన్నప్పుడు దానిని ఎక్కడ వినియోగింపవలెను? రన్‌వే మీదనే. బేగంపేట రన్‌వే పడమటి కొనపై 09 అని పెద్ద అంకెలుండును. 90 డిగ్రీల దిశలో చివరి సున్నను విడిచి వ్రాయుట అంతర్జాతీయ సంప్రదాయము. సిమ్యులేటరులో తరచుగా ఈ అంకెలు దగ్గరకు వచ్చువరకు అలుకుకొనిపోయినట్లు కనబడును. కారణము జ్యామితిలో నున్నది. 3 డిగ్రీల వాలునుండి చూచినప్పుడు నేలపైని పొడవు సుమారు 19వ వంతుగా కుదించుకొనిపోవును. వెడల్పు కుదింపు పొందదు. ఉపాధ్యాయులు తరగతిలో దీనిని చూపవచ్చును. చదరంగపు పలకను బల్లపై నుంచి, ఒక మీటరు దూరమునుండి, బల్లకు 5 సెంటీమీటర్ల ఎత్తున కన్ను నిలిపి చూడుమనుడు. చతురస్రములన్నియు సన్నని పట్టీలై కనబడును.

నేలపై పరచు బొమ్మలకు కార్డు సగము, పావు, అరపావు కొలతల నకళ్ళను కూడ సిద్ధముగా నుంచుకొని, దూరపు నేలకు చిన్న నకలును వాడును. రన్‌వే పొడవు మిక్కిలి కుదించుకొనినది గనుక చాల చిన్న నకలును ఎన్నుకొనును. దానితో కుదింపు లేని వెడల్పులోని వివరము కూడ పోవును. దీనికి విరుగుడు 'అనైసోట్రోపిక్ ఫిల్టరింగు' అను అమరిక: పెద్ద నకలునే తీసికొని, కుదించుకొనిన దిశలో మాత్రము ఎక్కువచోట్ల రంగును పరిశీలించి సగటు కట్టును. దీనికి 2, 4, 8, 16 అను మెట్లుండును. మనకు కావలసినది 19. కావున 16 పెట్టవలెను. నేటి కార్డులకు ఇది పెద్ద బరువు కాదు.

కార్డునకు గల జ్ఞాపకశక్తి విషయములో మాత్రము పొదుపు కావలెను. 4096 × 4096 బిందువుల బొమ్మ, బిందువుకు 4 బైట్ల చొప్పున, 6,71,08,864 బైట్లు పట్టును. కుదించి దాచినను ఇట్టి బొమ్మలు వందలుగా చేరినప్పుడు చోటు నిండిపోవును. అప్పుడు కార్డు ప్రధాన జ్ఞాపకశాల నుండి తెచ్చుకొనుచు ఆగి ఆగి నడచును. చోటు చాలనిచో బొమ్మల నాణ్యతను ఒక మెట్టు దింపవలెను. మేఘములు కూడ బరువైనవే; వానకాలపు దృశ్యములు తక్కువ వివరముతోనైనను బాగుండును.

సాధారణ తెర సెకనుకు 60 మారులు మారును. సెకనుకు 30 చిత్రములను మించరాదని కట్టడి చేసినచో ఒక్కొక్క చిత్రము సరిగా రెండేసి మారులు కనబడును. 40 అయినచో కొన్ని ఒకమారు, కొన్ని రెండుమారులు కనబడి కదలిక ఎగుడుదిగుడగును. ఈ కట్టడివలన మరియొక లాభము కూడ కలదు. ఒకే పని చేయుచు, ఒకే వేగముతో పంకా తిరుగుచుండగా, కార్డు వేడిమి గది వేడిమికంటె ఇంచుమించు ఒకే తేడాతో ఎక్కువగా నుండును. డిసెంబరులో గది 25 డిగ్రీలున్నప్పుడు కార్డు 70 డిగ్రీలైనచో, మే నెలలో పైకప్పు కాలిన మేడగది 40 డిగ్రీలున్నప్పుడు అదే కార్డు 85 డిగ్రీలకు చేరజూచును. అనేక కార్డులు 83 డిగ్రీల సమీపమున తమ వేగమును తామే తగ్గించుకొనును. చిత్రముల సంఖ్యకు కట్టడి యున్నచో కార్డు నడుమ నడుమ విశ్రమించును, తక్కువ విద్యుత్తును వాడును, తక్కువ వేడెక్కును. కంప్యూటరు పెట్టె వెనుక నాలుగు వ్రేళ్ళ ఎడముంచి, పంకాలపైని దుమ్మును తుడిచి, చలికాలమున పెట్టిన అమరికలను ఏప్రిల్ చివర మరల సరిచూచుకొనవలెను.