తలకు దెబ్బ తగిలితే లేజర్ వైద్యం పనిచేస్తుందా?

పోయిన సంవత్సరం మా రూమ్మేటు వాళ్ళ నాయన ఆళ్లగడ్డ దగ్గర బండి మీద నుండి పడ్డారు. హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీదే ఉండింది. 108లో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకొస్తే స్కాన్ తీసి, తలలో గడ్డకట్టిన రక్తాన్ని ఆపరేషన్ చేసి తీశారు. ప్రాణం దక్కింది గానీ జ్ఞాపకశక్తి పూర్తిగా రాలేదు. అప్పుడు ఒకాయన ఇంటికొచ్చి, తలకు లేజర్ వెలుగు పెడితే మెదడు మునుపటిలా అవుతుందని, రెండు లక్షలు ఖర్చని చెప్పాడు. "పెద్ద చదువులు చదివే పిల్లోళ్లు గదా నాయనా, ఎకరా అమ్మమంటారా?" అని అమ్మ అడిగితే మా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నది మిత్రుల కోసం రాస్తున్నాము.

ఇది కోసే, కాల్చే లేజర్ కాదు. 1967లో హంగేరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ ఎలుకల వెంట్రుకలు గొరిగి, తక్కువ శక్తి గల లేజర్ వేస్తే అక్కడ వెంట్రుకలు త్వరగా మొలిచాయి. కథ అక్కడ మొదలైంది. కంటికి కనబడని 810 నానోమీటర్ల వెలుగును మన కణాల్లోని మైటోకాండ్రియాలో ఉండే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము పీల్చుకుంటుందని, దానివల్ల కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారీ పెరుగుతుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. దెబ్బతిన్న మెదడు కణానికి కరువైనది ఆ శక్తే. ఇంటర్ బైపీసీ వాళ్ళకు ఇది సులభంగానే అర్థమవుతుంది.

చిక్కు పుర్రెతోనే. చర్మం, ఎముక దాటి లోపలికి చేరే వెలుగు చాలా కొద్ది.

అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వారు తలకు మధ్యస్థంగా గాయమైన 68 మందిని పరీక్షకు తీసుకున్నారు. కొందరికి గాయమైన 72 గంటల్లోపు వెలుగునిచ్చే హెల్మెట్ పెట్టారు, మిగతావారికి వెలుగు లేని హెల్మెట్. 2020లో ఫలితాలు వచ్చాయి. హాని జరగలేదు, ఎంఆర్ఐలో మెదడులో కొంత తేడా కనిపించింది. కానీ రోగుల బాధలు తగ్గాయని గట్టిగా చెప్పేంత తేడా రాలేదు. దీనికి ముందు పక్షవాతం రోగుల్లో వెయ్యి మందిపై తలపెట్టిన ఇలాంటి లేజర్ పరీక్షను 566 మంది ఫలితాలను పరిశీలించాక, ప్రయోజనం కనబడక ఆపేశారు. ఎలుకల్లో బాగా పనిచేసినదల్లా మనుషుల్లో పనిచేయదు మరి! ముందే లేజర్ పెట్టించుకుంటే దెబ్బ నుండి కాపాడుతుందన్న మాట మనుషుల్లో రుజువు కానేలేదు. ఆ పని చేసేది ట్యాంకు మీద పెట్టుకునే ఆ హెల్మెట్టే, తలకు పెట్టి బకిల్ బిగిస్తే.

పడినవారు లేచి మాట్లాడినా నమ్మకూడదు. వాంతులు, మత్తు, పెరిగే తలనొప్పి, ఫిట్స్ కనిపిస్తే పసరు మందులంటూ ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి. లోపల రక్తస్రావం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు.

అమ్మకు ఇదంతా చెప్పాము. ఎకరా అమ్మలేదు. నాయన ఇప్పుడు చేనికి పోయి వస్తున్నారు, మా పేర్లు మాత్రం ఇంకా తారుమారు చేసి పిలుస్తారు.